కాటా గది

ఇరవై రెండేళ్ళు ఈ గదిలో కూచుని లారీలు తూచాను.
లోడు బండి ఇంత, ఖాళీ బండి ఇంత,
తీసేస్తే మిగిలింది రాయి.
మనుషుల్ని తూచే పని నాకెవరూ చెప్పలేదు.

క్వారీవాళ్ళు బైపాసు పక్కన కొత్త కాటా పెట్టుకున్నాక
దీనికి తాళం పడింది.
తాళంచెవి మాత్రం అలవాటుకొద్దీ
నా మొలతాడుకే ఉండిపోయింది.

దాన్ని అడగడానికొచ్చింది ఏసురత్నం మనవరాలు కెజియా,
వెనకాల పదకొండుమంది పిలకాయలు.
"తాతా, మ్యూజియం పెడతాం."
నేనొకసారి మద్రాసులో చూశాను మ్యూజియం,
ఏవో పెద్ద ఎముకలు, తాకరాదని బోర్డు,
కుర్చీలో కునికే వాచ్‌మన్.
"చీమకుర్తిలో ఏముందే పెట్టడానికి?"
ఆ పిల్ల నా నడుం వైపు చూసి అంది:
"ముందు నీ తాళంచెవి పెడతాం."

ఆదివారం వీధంతా వచ్చింది చీపుళ్ళతో.
బూజు దులిపితే గోడమీద నా చేతిరాతే,
ఎవరి బాకీ, ఏ డ్రైవరు ఫోను నంబరు, ఎప్పటి టీ లెక్క.
సున్నం బకెట్టుతో వచ్చిన మాలకొండయ్యని
పిల్లలు అడ్డం నిలబడి ఆపారు.

నేలకి పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు ముక్కలిచ్చాడు.
ఇచ్చాడంటే, ఎత్తుకుపొమ్మన్నాడు.
మూల విరిగినవి, గీత పడినవి, ఓడ ఎక్కనివి.
మాలకొండయ్య ఒక కన్ను మూసి అతుకు చూసుకుంటూ పరిచాడు.
టార్చి వేస్తే నల్లటి నేలలో బంగారు చుక్కలు.
బిల్లులమీద గెలాక్సీ అని రోజుకి నలభైసార్లు రాసినవాణ్ణి,
ఒక్క చుక్కా చూడలేదు.
దుమ్ము కప్పుకునే కదా వచ్చేది రాయి నా దగ్గరికి!

గుమ్మం మీద 'ముట్టుకొండి' అని రాశారు.
దీర్ఘం పెట్టబోయిన టీచరమ్మతో
తప్పు కూడా మాదే, ఉండనియ్యమన్నారు.

ఇంటికొక వస్తువు.
మస్తాన్‌బీ రోలు ఇచ్చింది.
ఇవాళ రోలు లేదు, చీటీ ఉంది:
'పెళ్ళింటికి పచ్చడి నూరడానికి వెళ్ళింది. సోమవారం వస్తుంది.'
ఒడిశా నుంచొచ్చిన ఝును వాళ్ళమ్మకి
ఇవ్వడానికి వస్తువేం లేక పాట ఇచ్చింది.
పాటని ఏ అరలో పెట్టాలో తెలీక
గోడకి టైము రాశారు: మధ్యాహ్నం మూడింటికి.

తిరపతమ్మ ఇచ్చిన పసుపు హెల్మెట్‌కి మాత్రం చీటీ లేదు.
అది ఎవరిదో వీధికి తెలుసు.
పిల్లలు వంతులేసుకుని పెట్టుకుంటారు,
కళ్ళమీదికి జారుతుంది.
గడపలో నిలబడి చూస్తుంది తిరపతమ్మ,
ఒక్కోసారి లోపలికొచ్చి
పట్టీ బిగించి పోతుంది.

కాటా పనిచేస్తుందా అన్నారు చివరికి.
లైన్‌మన్‌ని బతిమాలితే ఎర్ర అంకెలు వెలిగాయి.
ఝును ఎక్కింది. సున్నా.
దిగి, మళ్ళీ ఎక్కి, గట్టిగా గెంతింది. సున్నా.
"నేను లేనా?"
"ఇది లారీలది తల్లీ,
ఇరవై కేజీల లోపు దీని కంటికి ఆనదు."

కెజియా ఎక్కింది. దాని వెనక పిల్లలు.
మస్తాన్‌బీ చెప్పులు విప్పి ఎక్కింది, గుళ్ళోకి వచ్చినట్టో దర్గాకి వెళ్ళినట్టో.
టీచరమ్మ, తిరపతమ్మ, లైన్‌మన్, టీ కొట్టు నాగేశు కెటిలుతో సహా.
"నువ్వూ రా తాతా!"
మరి అంకె ఎవరు చూస్తారు?
అలిగి కూచున్న ఝునూని నా స్టూలెక్కించాను.
కిటికీలోంచి దాని గొంతు, ఒక్కొక్కటే:
"మూడు. ఒకటి. నాలుగు. సున్నా."

రిజిస్టరు తీశాను.
బండి నంబరు దగ్గర వీధి పేరు.
ఖాళీ బరువు గడి వదిలేశాను,
తీసేయడానికేం లేదు.
సంతకం పెట్టబోతే ఝును చెయ్యి పట్టుకుంది.
అంగన్‌వాడీ కాటామీద దాన్ని తూచుకొచ్చి
కింద ఇంకో పదహారు కలిపాను.